ఎడమ ప్యానెల్ మీది దుమ్ము

నానమ్మా, నువ్వు పాలకి వెళ్లి ఇంకా రాలేదు, నాకు బస్సు టైమైపోయింది. ఈరోజు నువ్వు ముందు పట్టుకునేది చీపురునే కాబట్టి చీటీ దానికే కట్టాను. అత్త వస్తోందని ఇల్లంతా కడుగుతావు. కడుగు. మేడ మీద ఎడమవైపు సోలార్ ప్యానెల్ జోలికి మాత్రం పోకు. దాని మీద దుమ్ము ఉండాలి. దుమ్ము వల్ల కరెంటు ఎంత తగ్గిందో సాయంత్రం చివరిసారి కొలిచి, ఆ విదేశీ ల్యాబుకి పంపాలి. అది చూశాకే నన్ను వేసవికి పిలుస్తారో లేదో తేలుతుంది. తడిబట్టలు అటు ఆరెయ్యకు, నీడ పడుతుంది. అత్తనీ పైకి రానివ్వకు. ఆవిడా నీ కూతురే, దుమ్ము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

మధ్యాహ్నం ల్యాబువాళ్లు కాలేజీ కంప్యూటర్‌లో నాతో మాట్లాడతారు. టిఫిన్ వదిలేశానని తిట్టకు.

పోయిన నెల నువ్వు ఆ ప్యానెల్‌ని అద్దంలా తుడిచేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నిన్ను ఒక్క మాట అన్నానా?

గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి ఇది రాస్తున్నాను. పోయిన నెల కూడా ప్యానెల్ పక్కనే ‘తుడవొద్దు’ అని అరచెయ్యంత అక్షరాలతో రాసిపెట్టాను కదా. కళ్లు ఆనలేదన్నావు. ఇందాక నా చొక్కా గుండీ ఊడితే, కళ్లజోడు లేకుండానే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించావు.

వెళ్లేది రెండు నెలలకే, నానమ్మా.