ఒక్క తీరుగ లేని కేసరాలు

సెప్టెంబర్ 9
మొయినాబాద్ కాలేజీల బాటనీ చెప్పుడు బంద్ జేసి పదిరోజులు. బాపు ఇంక దుకాన్ల ఎవ్వరికీ చెప్పలే. గిరాకీలు అడిగితే, "సెలవులు" అంటున్నడట. ఎమ్మెస్సీ చదివి బొమ్మలు గీసుడేంది — అవ్వతోని అంటడు. నాతోని అనడు.

సెప్టెంబర్ 11
మొదటి పని! పిల్లల సైన్స్ పుస్తకానికి తంగేడు పువ్వు, నిలువుగ కోసి చూపెట్టే బొమ్మ. ఎడిటర్ మేడం ఫోన్ల — "వారంల కావాలె."

సెప్టెంబర్ 12
ఆలూరు తొవ్వల పూలు తెంపిన. ఇంటికొచ్చేసరికి సగం వాడినయి. మళ్ల పోయిన.

సెప్టెంబర్ 13
లెన్స్ కింద పెట్టి చూస్తే... పది కేసరాలు, కని ఒక్క తీరుగ లేవు. కింద మూడు పెద్దయి, వంకర. నడుమ నాలుగు పొట్టియి. పైన మూడు పేరుకే కేసరాలు. ఇంకో నాలుగు పూలు కోసిన. అన్నీ గంతే.
మూడేండ్లు బోర్డు మీద పది గీతలు సమానంగ గీసిన. పాఠం చెప్పిన. ఒక్కపారన్న పువ్వు కోసి చూడలే. సిగ్గయితున్నది.

సెప్టెంబర్ 16
నాలుగు కాగితాలు చింపినంక కుదిరింది. పంపిన.

సెప్టెంబర్ 18
వాపస్ వచ్చింది. "చాలా అందంగా ఉంది. కేసరాలన్నీ ఒకే సైజులో గీయండి. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు."
అందం ఎవలడిగిన్రు?
ఫోన్ చేసిన. "మేడం, పువ్వు గట్ల ఉండదు."
"పాత పుస్తకంలో అట్లనే ఉంది కదమ్మా. మీరు ఆర్టిస్టు. చెప్పినట్టు గీస్తే చాలు."
కాలేజీల ఉన్నప్పుడు నన్ను గూడ 'మేడం' అన్నరు. ఇప్పుడు — చెప్పినట్టు గీసేదాన్ని.

సెప్టెంబర్ 19
ఏం గియ్యలే.

సెప్టెంబర్ 20
బాపు అన్నానికొచ్చి నా బల్ల కాడ నిలవడ్డడు. అడగకుంటనే లెన్స్ తీస్కొని, వాపస్ వచ్చిన బొమ్మ మీదికి వంగిండు. శానసేపు చూసిండు.
"పైన గీ మూడు ఎదగలేదేందే?"
"అవి గంతే బాపు. తంగేడుకు గట్లనే ఉంటయి."
"మరి ఉన్నదున్నట్టు గీస్తె ఆ ఎడిటరమ్మకేం నొప్పి?" అవ్వ చెప్పినట్టున్నది.
ఏడుపొచ్చినంత పనైంది. చెప్పులేసుకుంట అన్నడు — "కాలేజోళ్లు దుకాన్‌కు ఫోన్ చేసిన్రు. నీ జాగల ఇంకెవ్వర్ని తీస్కోలేదట."

సెప్టెంబర్ 21
రేపు పొద్దుగాల పదింటికి ఆఖరు. కాదంటే ఇంకొకలతోని గీయించుకుంటరట.
కొత్త కాగితం తీసిన. సమానంగ గీసుకుంట పోతున్న. ఏడు అయినయి. చెయ్యి ఎక్కడ గూడ ఆగలే... మూడేండ్ల అలవాటు. గదే కోపం.
ఎనిమిదోది, పైన మూడింట్ల మొదటిది, ఇంక గియ్యలే.