ఏ చేత్తో తీస్తావు?

బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్
జూలై 1

పూజ్యులైన మేనత్త దేవుడమ్మ గారికి, మేనల్లుడు శ్రీకుమార్ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, మీ కుడి మోకాలు, కోళ్లు, ఇదే వరుసలో క్షేమమని తలుస్తాను. మన కుటుంబంలో తెలుగు రాయగలిగినవాళ్లం ఇద్దరమే మిగిలాం గనుక నెలకొక ఉత్తరం తప్పకూడదన్న మీ ఆజ్ఞను ఈసారి మూడు రోజులు ముందుగానే పాటిస్తున్నాను. అందుకు కారణం ఉంది.

పద్దెనిమిదేళ్లుగా నేను కాపలా సంస్థలో ఆయుధాల గది చూసుకుంటున్న సంగతి మీరెరిగినదే. ఏ తుపాకీని ఏ కాపలాదారు ఏ గంటకు తీసుకెళ్లాడో, ఏ గంటకు తిరిగి తెచ్చాడో నా దస్తరాల్లో ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్క తుపాకీ తప్పిపోలేదు. నేను ఒక్కటీ పేల్చనూ లేదు. ఇప్పుడు వచ్చిన కొత్త మేనేజరు, ఆయుధాల గదిలో కూర్చునేవాడు కూడా ఆత్మరక్షణకు చేతి తుపాకీ వాడే శిక్షణ పూర్తి చేయాలని నిబంధన పెట్టాడు. నాలుగు ఆదివారాలు. మూడు పాఠాలకు, నాలుగోది పరీక్షకు. పరీక్ష తప్పితే నన్ను ఒక షాపింగ్ మాల్ కార్ పార్కింగు బూత్‌కు మారుస్తారు. అక్కడ దస్తరం లేదు, అత్తా. అన్నీ యంత్రమే రాసుకుంటుంది.

పరీక్షకు ఎవరి ఒర వారే తెచ్చుకోవాలి. ఒర అంటే తుపాకీని నడుముకు పెట్టుకునే తొడుగు. ఇక్కడ హోల్‌స్టర్ అంటారు. దాని ఎంపికకు నేను ముప్పై ఒక్క అంశాల పట్టిక సిద్ధం చేశాను. ట్రిగ్గరు పూర్తిగా మూసుకుని ఉండాలన్నది మొదటి అంశం. తుపాకీ తీశాక కూడా ఒర నోరు తెరుచుకునే ఉండాలన్నది రెండవది. వంగినా, పరుగెత్తినా జారిపోరాదన్నది మూడవది. తక్కిన ఇరవై ఎనిమిది మీ మోకాలి నొప్పిని దృష్టిలో ఉంచుకుని రాయడం లేదు.

ఇట్లు,
మీ ఆజ్ఞాబద్ధుడు,
శ్రీకుమార్

తా.క.: మీకు భయం కలగకుండా, శిక్షణలో వాడే ప్లాస్టిక్ నమూనా తుపాకీ బొమ్మను అసలు కొలతతో, రెండు వైపులా గీసి జత చేశాను. నాలుగు మడతలు నేనే పెట్టాను. దయచేసి అయిదోది పెట్టవద్దు.

*

సుంగై సిపుట్
జూలై 6

మేనల్లుడు శ్రీకుమార్‌ని అత్త దేవుడమ్మ దీవించి రాసేది.

నాను బాగున్నాను. కోళ్లు బాగున్నాయి. మోకాలు సంగతి అడక్కు.

నీ ఉత్తరం సదివి గుండె ఆగినంత పనయినాది. ఎవుడ్రా నీ మీద పగబట్టినోడు? పరీక్ష తప్పితే కారు పార్కింగు అని నాకు కతలు సెప్తావేటి? ఆత్మరక్షణ అని నువ్వే రాసినావు. రక్షణ ఎవుడికి గావాల? పగోడున్నోడికి. నలభై అయిదేళ్లొచ్చినాయి, పెళ్లి నేదు, ఇప్పుడు పగోడొకడు!

నాను ఏడస్తంటే పక్కింటి కన్నియమ్మ వచ్చినాది. ఏటీ నేదు, మావోడు తుపాకీ నేర్సుకుంతన్నాడు అని సెప్పినాను. అంతే సెప్పినాను. అది పసారు సంతకెళ్లి, నువ్వు మంత్రిగారి పక్కన నిలబడే తుపాకీవోడివి అయిపోనావని సెప్పినాది. సేపల కొట్టోడు నాకు డబ్బులు తీసుకోకుండా సేప ఇచ్చినాడు. నాను కాదన్నేదు. సేప పెద్దది.

ఇంక ఒర సంగతి. ముప్పై ఏళ్లు రబ్బరు సెట్లు గీసినాను. నడుముకి కత్తి ఒర నేకుండా ఒక్క పొద్దు కూడా పనికెల్లనేదు. ముప్పై ఒక్కటి నాకొద్దు. ఒక్కటి సెప్పు. ఏ సేత్తో తీస్తావు?

నీ అత్త
దేవుడమ్మ

తా.క.: మునీశ్వరుడికి నీ పేర్న నల్లకోడి మొక్కినాను. దానికింకా తెల్దు.

*

బ్రిక్‌ఫీల్డ్స్
జూలై 15

పూజ్యులైన అత్తగారికి, శ్రీకుమార్ వందనములు.

మీ ఉత్తరంలోని పొరపాట్లను సవరించడం నా విధి. నాకు శత్రువులు లేరు. గత పదేళ్లలో నాతో వాదించినవారి వివరాలు తీసి చూశాను, ఇద్దరే ఉన్నారు. ఒకరు పోస్టాఫీసు గుమాస్తా, రెండవవారు మీరు. ఇక నేను ఏ మంత్రి పక్కనా నిలబడడం లేదు. తుపాకీ శిక్షణ స్థలం దాటి బయటకు రాదు; చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి కన్నియమ్మ గారికి, వీలైతే చేపల కొట్టులోనూ తెలియజేయగలరు.

నిన్న మొదటి పాఠం జరిగింది. బోధకురాలు కోగిలవాణి అనే ఆవిడ, పూర్వం పోలీసు ఉద్యోగి. మొదటి అయిదు నిమిషాలు తన గురించి ఏదో చెప్పారు. నేను నోటుపుస్తకంలో గళ్లు గీసుకుంటున్నాను, పైగా అవి పరిచయ వాక్యాలు గనుక రాసుకోలేదు. తరువాతిది మాత్రం ఒక్క మాట వదలలేదు. గురి చూసి, కాల్చాలని నిశ్చయించేవరకు వేలు ట్రిగ్గరు మీదకు పోకూడదు. తీసేటప్పుడు తొందర ఉంటే ఉండవచ్చు, తిరిగి ఒరలో పెట్టేటప్పుడు ఎన్నడూ ఉండకూడదు. చొక్కా అంచు ఒరలో చిక్కకుండా కళ్లతో చూసి మరీ పెట్టాలి. ఆవిడ ఎలా నిలబడ్డారో, ఒర నడుము మీద ఎక్కడ పెట్టుకున్నారో అంగుళాలతో సహా రాసుకున్నాను. ఇంటిలో ఉత్త చేత్తో అచ్చంగా అలాగే అభ్యాసం చేస్తున్నాను. చేయి ఇంకా చెప్పినట్టు వినడం లేదు. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుందని ఒక పుస్తకంలో ఉంది.

ఆవిడ ఒర మాత్రం చాలా పాతది. కుట్లు రెండు చోట్ల ఊడాయి, నోరు వదులైంది. మర్యాదగా లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఆవిడ రెండుసార్లు చదివి, ఇంగ్లీషులో, "పదకొండేళ్లలో ఒక్కరూ ఇది చూడలేదు. మంచిది దొరకడం కష్టమండీ, నా సంగతి మీకు తెలుసుగా," అని జేబులో పెట్టుకున్నారు. ఏ సంగతో నాకు తెలియలేదు. తల ఊపాను. తరువాత నా బెల్టు వదులుగా ఉందని తామే బిగించారు.

ఏ చేత్తో తీస్తావన్న మీ ప్రశ్నకు నా పట్టికలో చోటు లేదు. అంత చిన్న విషయాలు అందులో చేర్చలేదు.

ఇట్లు,
శ్రీకుమార్

తా.క.: నల్లకోడి విషయంలో పునరాలోచించగలరు. అది పెడుతున్న గుడ్ల సంఖ్య మీరే మేలో రాశారు.

*

సుంగై సిపుట్
జూలై 19

ఒరే శ్రీకుమారూ, అత్త దీవెనలు.

పగోడు నేడని ఇప్పుడు తెలిసినాది. అసలు సంగతి ఉత్తరం అడుగున దాసిపెట్టినావు. ఆ కోగిలవాణి నీ నడుముకి బెల్టు బిగించినాదా? ఎన్ని కన్నాలు బిగించినాది? నీ ఉత్తరం జేబులో పెట్టుకున్నాదా? నీ ఉత్తరాలు జేబులో పెట్టుకునే మనిషి ఈ మలేసియాలో నానొక్కర్తినే అనుకున్నాను.

పేరు సూస్తే అరవోల్ల పిల్లలాగుంది. పర్నేదు. పెళ్లయినాదా? ఇది అడిగి రాయి. ఇది నీ పట్టికలో నేకపోతే ఎక్కించు.

నీ ఒర నాను పంపుతున్నాను. ఎనకింటి పోలయ్య అన్న, నాను నాలుగు దినాలు కూకున్నాం. పచ్చసీరతో కుట్టి పోస్టులో ఏసినాను. మీ మావయ్య కొన్న సీర, జాగర్త.

నీ అత్త

తా.క.: కన్నియమ్మకి నువ్వు మంత్రి దగ్గర నేవని సెప్పినాను. "మరి రాజుగారి దగ్గరా?" అన్నాది. నాను నోరు మూసుకున్నాను. రొయ్యలు పంపినాడు సేపలోడు.

*

బ్రిక్‌ఫీల్డ్స్
జూలై 25

పూజ్యులైన అత్తగారికి వందనములు.

పార్శిలు చేరింది. మీ ప్రేమకు కన్నీళ్లు వచ్చాయి. అయినప్పటికీ నా విధి నేను చేయక తప్పదు.

చీరగుడ్డతో ఒర కుట్టడం మిక్కిలి ప్రమాదకరం. మెత్తని గుడ్డ తుపాకీ తీయగానే ముడుచుకుపోతుంది. తిరిగి పెట్టబోతే ఒక మడత ట్రిగ్గరులో చిక్కి, దానంతట అదే పేలవచ్చు. గుడ్డ బయటనుంచి వేలితో నొక్కినా ట్రిగ్గరు కదులుతుంది. వంగితే తుపాకీ జారుతుంది. ఇవిగాక మరి నాలుగు దోషాలు వేరే కాగితంలో జత చేశాను. మావయ్య కొన్న చీర గనుక కుట్లు విప్పడానికి చేతులు రాలేదు. పార్శిలును అలాగే దేవుడి అలమరలో ఉంచాను.

ఒరను నేను కొనేశాను. తొమ్మిది దుకాణాలు తిరిగాను. చివరికి ఒకచోట నా ముప్పై ఒక్క అంశాలకూ సరిపోయినది దొరికింది. బోధకురాలు పెట్టుకున్న చోటనే, ఆమె పెట్టుకున్నట్లే అచ్చుగుద్దినట్టు అమరింది. కొట్టు యజమాని, "ఈ రకం ఎవరూ అడగరు, మూడేళ్లుగా ఒక్కటే పడి ఉంది," అన్నాడు. నాణ్యత ఎరిగినవారు అంత తక్కువ.

ఆవిడ పెళ్లి విషయం అడగడానికి పాఠ్యక్రమంలో అవకాశం లేదు.

ఇట్లు,
శ్రీకుమార్

తా.క.: రొయ్యలు వెనక్కి పంపగలరు.

తా.క. 2: తినేసి ఉంటే ఎన్నో రాయగలరు.

*

సుంగై సిపుట్
జూలై 29

శ్రీకుమార్‌కి.

విప్పనేదా?

విప్పకుండానే ఏడు తప్పులు రాసినావా? ముప్పై ఏళ్లు కత్తి నడుముకి కట్టుకుని సెట్టు సెట్టుకీ వంగి లేసినదాన్ని. నా తుంటి మీద ఒక్క గాటు నేదు. ఒర నోరు గురించి నువ్వు నాకు సెప్తావా?

నాను ఇంకేటీ సెప్పను. పరీక్షనాడు ఆ మూట సంచిలో ఏసుకెల్లు. మునీశ్వరుడి ముందెట్టి తెచ్చినాను. అది కూడా నీ పట్టికలో నేదంటే నాకు ఉత్తరం రాయొద్దు.

దేవుడమ్మ

తా.క.: రొయ్యలు ఇరవై రెండు.

*

బ్రిక్‌ఫీల్డ్స్
ఆగస్టు 6

నా తల్లితో సమానమైన అత్తకు, శ్రీకుమార్ సాష్టాంగపడి రాయునది.

మొన్న ఆదివారం జరిగినది జరిగినట్లు రాస్తాను.

మధ్య రెండు పాఠాలూ బల్ల మీది తుపాకీతో కాల్చడమే గనుక మా ఒరలు ఎవరూ చూడలేదు. పరీక్షనాడు ఉదయం తొమ్మిదికి ఒరల తనిఖీ. నేను వరుసలో ముందు నిలబడ్డాను. కోగిలవాణి గారు నా చుట్టూ ఒకసారి తిరిగారు.

"శ్రీకుమార్ గారూ, మీరు ఎడమచేతి వాటమా?"

"కాదండీ."

"మరి ఎడమచేతి ఒర ఎందుకు పెట్టుకున్నారు?"

"మీరు అలాగే పెట్టుకున్నారు గదా."

వెనక పద్నాలుగు మంది నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మొదటి రోజు మొదటి మాటే అది. నాది ఎడమచేతి వాటం, మీరందరూ దీన్ని తిరగేసి చేయాలని చెప్పాను. మీరేదో రాసుకుంటున్నారు కూడా."

గళ్లు, అత్తా. నేను గళ్లు గీసుకుంటున్నాను.

"పది నిమిషాల్లో కుడిచేతి ఒర చూపించకపోతే పరీక్ష రాయనివ్వలేను," అన్నారు. ఆ క్షణాన నాకు కార్ పార్కింగు బూతు కిటికీతో సహా కనిపించింది. మునీశ్వరుడికి దండం పెట్టుకుందామని సంచిలోంచి మీ మూట తీశాను. మూట బరువుగా ఉంది. నొక్కితే లోపల గట్టిగా ఏదో తగిలింది. ప్రథమ చికిత్స పెట్టెలోని కత్తెరతో కుట్లు కోశాను. మావయ్య క్షమించాలి. నాలుగు మడతల చీర విప్పితే లోపల తోలు ఒర. చెక్కలా బిగిసిన తోలు. చీరతో కుట్టినది మూటను మాత్రమే, అత్తా! పాతకాలపువాళ్లు పార్శిలును గుడ్డలో పెట్టి కుడతారని నాకెందుకు తోచలేదు?

"అయ్యో అత్తా" అని నోరు జారింది.

అంతవరకు ఇంగ్లీషులోనే మాట్లాడిన కోగిలవాణి గారు తలెత్తి తెలుగులో అన్నారు: "ఏటి, మీది తెలుగా? అయ్యో అత్తా అని మా అమ్మమ్మ అనేది!"

ఒరను వేలితో కొడితే డప్పులా మోగింది. నమూనా తుపాకీ పెట్టి, తలకిందులు చేసి పదిసార్లు ఊపారు, జారలేదు. బయటనుంచి బొటనవేలితో నొక్కారు, ట్రిగ్గరు అందలేదు. తుపాకీ తీశారు, నోరు తెరుచుకునే ఉంది. ఖాళీ నమూనాతో చేసే పరీక్ష వరకు దీనిని అనుమతిస్తున్నాను అన్నారు. ఇరవైసార్లు తీసి పెట్టాలి. మొదటి నాలుగుసార్లు నా ఎడమచేయి తనకు తానే లేచింది. మూడు వారాల అభ్యాసం మరి. తరువాత కుడిచేయి తన పని గుర్తు తెచ్చుకుంది. పెట్టేటప్పుడు ఒక్కసారీ తొందరపడలేదు. అసలు తుపాకీతో బల్ల దగ్గర నిలబడి కాల్చే భాగంలో ఇరవైకి పదిహేను కాగితానికి, అయిదు వెనకనున్న మట్టిగట్టుకు తగిలాయి. పాసయ్యాను.

నా దస్తరాలు నాకే ఉన్నాయి, అత్తా.

ముప్పై ఒక్క అంశాల పట్టికను చించాను. ముప్పై రెండవదాన్ని మొదట పెట్టి మళ్లీ రాశాను.

ఇట్లు,
మీ తెలివితక్కువ మేనల్లుడు,
శ్రీకుమార్

తా.క.: నేను కొన్న ఎడమచేతి ఒరను, మీ మూట చీర ముక్కతో సహా, సిగ్గుతో అక్కడి బల్ల మీదే మరిచిపోయాను. నిన్న వెళ్లి అడిగితే లేదన్నారు. దొంగతనంగా నమోదు చేయాలా అని ఆలోచిస్తున్నాను.

*

సుంగై సిపుట్
ఆగస్టు 12

బంగారుతండ్రి శ్రీకుమార్‌కి అత్త వెయ్యి దీవెనలు.

నువ్వు బొమ్మ గీసి పంపినావు కదా, అసలు కొలత అని. అది సూసి పోలయ్య అన్న రబ్బరు సెక్కతో తుపాకీ సెక్కినాడు. అచ్చం తోక నేని కుక్కలాగుంది. ఆయన డప్పులకి బిగించే తోలు తడిపి, దాని సుట్టూ సుట్టి, ఎండబెట్టి కుట్టినాం. నా కత్తికి కూడా ఇలాగే సేసేదాన్ని. కుడి సేత్తో అన్నం తింతావు కదా అని కుడి పక్కకే సేసినాను. నువ్వు సెప్పకపోయినా.

ఇప్పుడు ఇను. నిన్న పొద్దుట మోటారు సైకిలు మీద ఒక మనిషి వచ్చినాది. పొడుగ్గా, నలుపు సొక్కా. కన్నియమ్మ సూసి, పోలీసులు వచ్చినారు, సేపలు అడగడానికే వచ్చినారని తలుపేసుకున్నాది. ఆ మనిషి నీ మూట మీద సీర ముక్క సేతిలో పట్టుకున్నాది. నాను రాసిన అడ్రసు దాని మీదే ఉన్నాది. "డప్పు తోలు ఒర సేసిన అమ్మ మీరేనా?" అన్నాది. పేరు అరవ పేరు, నోరు మన నోరే! వాల్ల అమ్మమ్మది బటాంగ్ బెర్జుంటై, మనలాగే ఎస్టేటులో గీసిన మనిషి.

తోలు ఎలా బిగించాలో పోలయ్య అన్న దగ్గర కూకుని నేర్సుకున్నాది. తర్వాత సంచి తెరిసి, ఖాళీ ఒర ఒకటి తీసి ఎడమ పక్కన పెట్టుకుని నాకు సూపించినాది. పదకొండేళ్ల నుంచి ఎడమ సేతికి సరైంది దొరకనేదంట. నీ పట్టిక సంగతి నాను సెప్పినాను. "మీవోడు ఏది సూసి కొన్నాడో గానీ అమ్మా, ముప్పై ఒక్కటీ నాకు సరిపోనాయి," అన్నాది. నీ ఉత్తరం కూడా జేబులోనే ఉన్నాది. కుట్లు ఊడినాయని రాసిందే. మడతలు అరిగిపోనాయి.

పెళ్లి కానేదు. నాను అడిగినాను. నీ పాఠాల్లో అవకాశం నేదు గానీ నా వంటింట్లో ఉంతాది. తిరిగి ఆమె నన్ను ఒక్కటే అడిగినాది. "మీవోడు ఇంట్లో కూడా ఇలాగే పట్టికలు రాస్తాడా?" రాస్తాడన్నాను. "అయితే సరే," అన్నాది.

ఆదివారం మళ్లీ వస్తాది. నువ్వు కూడా బేగి రా. అన్నం మాత్రం కుడి సేత్తోనే తింతాది, నాను సూసినాను.

నీ అత్త
దేవుడమ్మ

తా.క.: నల్లకోడికి ఇప్పుడు తెలిసినాది.

తా.క. ఇంకొకటి: దొంగతనం అని రాయొద్దు. నేదు, రాయకపోతే నిద్దర పట్టదంటే, దస్తరంలో కొత్త గడి ఒకటి గీసి రాయి. ఏ సేత్తో తీసినారు? ఎడమ సేత్తో.