తొమ్మిదో గంప

విశాఖపట్నం,
14-9-1981

అక్కకి, బావగారికి చెల్లెలు వరహాలు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ కబుర్లు అమ్మ చెబుతూనే ఉంది గాని, నీ చేతిరాత చూసి ఏడాదిన్నర అయింది. నాన్న పోయిన రోజు నా కంట నీరు రాలేదని, రాయిలా నిలబడ్డానని పదిమందిలో అన్నావు. అప్పట్నుంచి మనకి మాటల్లేవు. అయినా రాస్తున్నాను. అయిదో క్లాసుతో మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకో.

మొన్న ఒక సినిమా చూశాం. అందులో కొంత ఇక్కడి ఫిషింగ్ హార్బర్లోనే, నీ మరిది పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ పక్కనే తీశారు. తీస్తున్నప్పుడు సిగ్గుపడుతూనే వెళ్లి లారీ చాటున నిలబడి చూశాను. కథలో ఒకావిడ ఒడ్డున చేపల గంపలు లెక్కపెడుతుంటే, కొడుకు పడవ మునిగిందని కబురొస్తుంది. ఆ నటి గుండెలు బాదుకుని ఏడ్చింది. మాకూ ఏడుపొచ్చింది. డైరెక్టరు గారు మాత్రం వద్దన్నారు. పెద్దాయన, గొంతు పెంచని మనిషి. ఆవిడ పక్కన చతికిలబడి, ఏడవకమ్మా, లెక్కపెడుతూ ఉండు చాలు అన్నారు. చేపలమ్మే చిలకమ్మ ఊరుకుంటుందా. ఏటి బాబూ, కొడుకు పోయిన తల్లిని ఏడవనివ్వవా, ఆ ఏసం నాకియ్యి, రేవంతా లేపేస్తాను అంది. నువ్వు లేపుతావు తల్లీ, అందుకే ఇవ్వను అని ఆయన నవ్వారు.

మళ్లీ తీశారు. కబురు విన్నాక ఆవిడ ఎనిమిది అంది, తొమ్మిది అంది. పక్క గంప మీద చెయ్యి వేసి మళ్లీ తొమ్మిది అంది. తప్పు చెప్పిందనుకున్నాను. ఆయన అదే ఉంచారు.

హాల్లో చూస్తే కెమెరా ఆవిడ మొహం దగ్గరికైనా వెళ్లలేదు. పాట లేదు, వాయిద్యం లేదు. ఐసు మర చప్పుడు, కాకులు, అంతే. రెండోసారి తొమ్మిది అనగానే మాతో వచ్చిన చిలకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అంత దుఃఖాన్ని ఒక్క అంకెలో ఎలా ఇమిడ్చారో ఆయన, తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆవిడకి కొడుకు మీద ప్రేమ లేదని మాత్రం ఒక్కరూ అనుకోలేదక్కా.

మీ ఊళ్లో ఆడితే చూడు. బాబుకి ముద్దులు.

నీ చెల్లెలు,
వరహాలు

తా.క.: ఇది రాయకూడదనే కవరు అంటించబోయి, ఆగాను. ఆ రోజు నువ్వు ఆరు నెలల కడుపుతో ఉన్నావు. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. నేను ఏడుస్తూ నీ దగ్గరికొస్తే నా మెడ పట్టుకుని శోకాలు పెడతావని, ఇక నిన్ను ఆపడం ఎవరివల్లా కాదని అమ్మ భయం. పొయ్యి దగ్గర నా చెయ్యి పట్టుకుని, నువ్వు ఏడవకే, అక్క బిడ్డ దక్కాలి అంది. బాబు పుట్టాక చెబితే దెప్పినట్టుంటుందని నేనే ఊరుకున్నాను. నాన్న కోసం నేనింకా ఏడవలేదక్కా. ఆ ఏడుపు నీ దగ్గర తప్ప ఇంకెక్కడా రాదు. రమ్మని ఒక్క ముక్క రాయి, మర్నాడే బస్సెక్కుతాను.