కాకి ముట్టిన కొర్రమీను

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. గుంటుపల్లి గుహలు చూసొచ్చిన రోజే మీరు బుద్ధుడి మాట పట్టుకుని వల కాల్చేశారు, చేప ముట్టడం మానేశారు. మీతోపాటు నేనూ మానేశాను. అత్తయ్యకి మాత్రం అది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇవాళ పొద్దున్నే కుండలో బతికున్న కొర్రమీను తెచ్చి, "ఆడికిష్టం గదా, పులుసెట్టమ్మా" అన్నారు. జారిపోకుండా బూడిద పట్టించి నేనే కోశాను.

కొల్లేటి గట్టున విస్తరి పెట్టగానే కాకి వచ్చి ముందు చేపముక్కే ఎత్తుకుపోయింది.

"సూశావా, నా బిడ్డకి ఇంకా ఆశ సావలేదు" అన్నారు అత్తయ్య.

ఆశే దుఃఖానికి మూలమనేవారు మీరు. ఆ ఆశ చూసుకునే ఆవిడ ఇన్నాళ్లకి కడుపునిండా అన్నం తిన్నారు.

మీ పేరు చెప్పి నా విస్తట్లోనూ ఒక ముక్క వేశారు. తిన్నానండీ.