నీ కొడుకు ఇంకా పిల్లవాడే

తమ్ముడూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. పిండం పెట్టడానికి నీ కొడుకు శీను లేడు. చిన్నాన్న కొడుకు వచ్చి పెట్టాడు.

వర్తూరులో కుర్రాళ్ళు కొట్టుకుంటే ఒకడు చనిపోయాడు. ఆ గుంపులో ఉన్నాడని నీ కొడుకునూ పట్టుకుపోయి పిల్లల హోంలో పెట్టారు. వాడికి పదహారు దాటింది కాబట్టి, పెద్దవాళ్ళతో సమానంగా విచారించాలా వద్దా అన్నది పిల్లల కేసులు చూసే బోర్డు తేలుస్తుందట. చేసే పని వల్ల ఏమవుతుందో తెలిసినవాడేనా అని చూస్తారట.

మొన్న బోర్డులో మేడమ్ నీ భార్యను, పిల్లవాడు ఎలాంటివాడని అడిగింది. మంచిగా చెబితే వదిలేస్తారనుకుంది పాపం.

"వాడు చిన్నోడు కాదు మేడమ్. వాళ్ళ నాయనకు తలకొరివి పెట్టినోడు. ఆ పొద్దు నుంచి ఇంటికి పెద్ద వాడే. అన్నీ తెలుసు వానికి" అంది.

మేడమ్ రాసుకుంది. మన లాయరు తల దించుకున్నాడు. బయటికి వచ్చాక, "పద్దెనిమిది లోపు అందరినీ పిల్లలుగానే చూడాలమ్మా. చట్టం మార్చమని అడుగుతా ఉండాము" అన్నాడు.

"అది మారేదెప్పుడు సార్? సోమవారమే కదా వీళ్ళు చెప్పేది?" అన్నాను.

"బాగా చెప్పినానా వదినా?" అని నీ భార్య రోజూ అడుగుతోంది. బాగా చెప్పినావనే అంటున్నాను.

వాడికి బుద్ధి ఇవ్వమని ఇన్నేళ్ళూ కదిరి నరసింహస్వామికి మొక్కాను. ఇప్పుడు వాడికేమీ తెలియదని వాళ్ళకు తోచేలా చూడమని మొక్కుతున్నాను. ఇంకేం అడగాలో నాకు తెలియడం లేదు నాయనా.

మీ అక్క