ఈ ల్యాప్‌టాప్‌ను పారేసేది లేదు

జూన్ 3, మంగళవారం

మళ్లీ నిలబడిపోయింది. వేంపల్లె గిరాకీ వాళ్ల కొత్త ఇంటి హాలు సగం గీసేసరికి తెర మీద ఆ చక్రం తిరగడం మొదలుపెట్టింది. సుజాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా కోడలు అట్లా చేతులు ముడుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రాస్తున్నది తనే, చెబుతున్నది నేను. నాకు అక్షరం రాదు. అంతమాత్రాన నా మాట ఇంకొకరు మార్చి చెప్పాల్సిన పని లేదు. "నేను చెప్పినట్టే రాయల్ల. పాలిష్ పట్టొద్దు" అన్నాను. నవ్వింది, రాసింది.

బేతంచెర్లలో నేలకు పరిచే బండలు కోసేవాళ్లు వీధికొకరున్నారు. మా చిన్న ఫ్యాక్టరీకి జనం వస్తున్నది సుజాత గీతల కోసమే. ఏ బండ ఎక్కడ పడుతుందో, అంచు ఏ రంగో, ఒక్క బండ కోయకముందే ఇల్లంతా తెర మీద చూపిస్తుంది. ఆ పని ఆగితే మా మిషన్లూ ఆగుతాయి.

జూన్ 4, బుధవారం

కర్నూలు. బస్సులో ల్యాప్‌టాప్ నా ఒళ్లోనే.

రిపేరు అంగడాయన వెనక మూత విప్పి చూపించాడు. "ర్యామ్ చాలడంలా అవ్వా... అదే, మెమరీ. రెండే స్లాట్లుండాయి, రెండూ నిండిపోయినాయి. ఇంగ యాడ పెట్టాల? కొత్తది తీసుకో."

"నిండినవి పీకితే రావా అప్పా?"

"వస్తాయి..."

"అయితే పీకు. చిన్నవి తీసి పెద్దవి పెట్టు."

నన్ను చూశాడు, సుజాతను చూశాడు. నాలుగూ నాలుగూ జీబీలవి తీసి ఎనిమిదీ ఎనిమిదీ పెట్టొచ్చట. పదహారుకు మించి ఇది మోయదట. పాత రకం, అంగట్లో లేవు... తెప్పించి పార్సిల్ పంపుతాడు. పెట్టే తీరు సుజాతకు నేర్పాడు — ఏటవాలుగా దూర్చాలి, కిందికి ఒత్తాలి, పక్క క్లిప్పులు టక్కుమనాలి.

కొత్త ల్యాప్‌టాప్ అమ్ముకుందామనుకున్న మనిషే. ఈ ముసల్దానితో వాదించలేక నేర్పాడు.

జూన్ 6, శుక్రవారం

నాగేశు వచ్చాడు. మా మరిది కొడుకు. ఊరి చివర పెద్ద ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి మా గేటు ముందు హారన్ కొట్టందే కారు దిగడు.

"నీకు సంతకమే రాదు పెద్దమ్మా, మెమరీల గోల నీకెందుకు? రెండు ఫ్యాక్టరీలు కలిపేద్దాం. గీసేదానికి మా కాడ మనిషుండాడు. సుజాత మా ఆఫీసులో కూచ్చోని ఫోన్లెత్తుతాదిలే."

సుజాత తల వంచుకుంది. నేను వంచలేదు.

"నీ మనిషి గీసిన వంటింట్లో తూము ఎత్తులో పడిందంట గదరా. గిన్నెలు కడిగిన నీళ్లు దేవుడి గదిలోకి పోతాండాయంట."

మొహం మాడింది. "బుధవారం వేంపల్లె వాళ్లు వస్తాండారు. నేనూ వస్తా. ఇల్లంతా చూపిచ్చండి చూద్దాం. చూపియ్యలేకుంటే ఆ పని నాది."

"రా. చెప్పులు బయట ఇడిచి రా."

జూన్ 7, శనివారం

లారీ మీద మద్రాసు పోయిన నా కొడుకు ఫోన్ చేశాడు. రెండు ఫ్యాక్టరీలూ కలిపేద్దామని నాగేశు మాటే వాడి నోట్లోంచి వచ్చింది. పెట్టేశాను.

జూన్ 9, సోమవారం

పార్సిల్ వచ్చింది. సుజాత స్నానానికి పోయింది. నేను ఆగలేకపోయాను.

రెండు పచ్చ పట్టీలు. దీనికా ఇంత రాద్ధాంతం? అటు తిప్పాను, ఇటు తిప్పాను. మంచి సరుకో, దొంగ సరుకో... మేము ఎండు బండను చూసి కొనం. నీళ్లు చల్లి చూస్తాం. జీర, పగులు, అసలు రంగు అప్పుడే బయటపడతాయి. చేతికి అదే అలవాటు. పాలిష్ మిషన్ దగ్గరి తడి గుడ్డ తెచ్చి ఒక పట్టీని బాగా తుడిచాను. రాతి పిండి తెల్లగా అంటుకుంది.

"అత్తా! ఏం జేస్తివి!"

"మంచిదా కాదా చూస్తాండా."

"అది బండ కాదత్తా!"

సుజాత తడి తలతోనే వచ్చి పట్టీ నా చేతిలోంచి లాక్కుంది. అంగడాయనకు ఫోన్ చేశాం. ఆయన చెప్పింది — స్పిరిట్‌తో మెల్లగా తుడవండి, రెండు దినాలు ఆరబెట్టండి, తొందరపడి పెడితే దాంతో పాటు లోపలి బోర్డూ పోతాది అవ్వా...

తప్పు నాదే. పెద్ద అక్షరాలతో రాయమన్నాను. నాగేశు అడిగినా ఇదే చెబుతాను, వాడికేం భయపడను.

జూన్ 10, మంగళవారం

తడవని పట్టీ ఒక స్లాట్లో పెట్టింది. రెండో దాంట్లో పాత చిన్నదే. ఎనిమిదీ నాలుగూ. హాలు తెరుచుకుంది! అంచు చుట్టూ తిప్పి చూపించింది, ఎక్కడా ఆగలేదు.

మిద్దె మీది గదులు కూడా కలిపితే మాత్రం — చక్రం.

జూన్ 11, బుధవారం

వేంపల్లె నుంచి మొగుడూ పెళ్లామూ వచ్చారు. వెనకే నాగేశు. గదిలో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి ఆమెకు వేశాను, ఒకటి సుజాతకు. మగవాళ్లు నిలబడ్డారు.

హాలు చూసి ఆమె ముందుకు వంగింది. "నల్ల అంచు శానా బాగుండాదే... పైన గదులు గూడా కలిపి చూపీమ్మా."

కలిపింది. చక్రం తిరిగింది... తిరుగుతూనే ఉంది.

"మా కాడ ఇట్ల ఆగదు మేడం" అన్నాడు నాగేశు, మెత్తగా.

ఆమె లేచింది. ఈ పూట ఊళ్లో చుట్టాలింట్లో ఉంటారట. రేపు పొద్దున పోతూ పోతూ వస్తారట. ఇల్లంతా చూపిస్తే సరే, లేకుంటే...

పొద్దు వాలుతోంది. పట్టీ ఆరింది. ఆరినట్టే ఉంది. రేపటికి మిద్దె గీత పూర్తి కావాలంటే ఇప్పుడే పెట్టాలి. సుజాత దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"బోర్డు పోతే అత్తా? ఇప్పుడు కనపడే హాలు గూడా పోతాది."

"పోతే నాగేశు ఆఫీసులో ఫోన్లెత్తేది నేను. నువ్వు కాదు. వాని గిరాకీలందరికీ నేనే జవాబు చెప్తా."

నవ్వింది. పట్టీని మాత్రం ఇంకోసారి వెలుతురుకు పెట్టి చూసింది. అది కూడా రాయమన్నాను, రాసింది.

వైరు పీకింది. మూత విప్పింది. పాత చిన్నది బయటికి వచ్చింది. కొత్తది ఏటవాలుగా ఆనించింది. ఇంక ఒత్తాలి. దానికి రెండు చేతులూ కావాలి. పెన్ను కింద పెట్టు సుజాతా —