సబ్బునీళ్లల్ల పడ్డ ప్రూఫ్ బిళ్ల

ఏమయ్యా, రాత్రి డ్యూటీ చేసొచ్చినవ్, పాలు తాగి పండుకో. కరోనా అని చిల్లరంతా సబ్బునీళ్లల్ల వేసినవ్ కదా, అండ్ల నువ్వు టంకశాల నుంచి తెప్పించి దాసుకున్న ప్రూఫ్ బిళ్ల గూడ పడ్డది! తీసి ఆరబెట్టిన, రుద్దలే. డబ్బల పెట్టేటప్పుడు అంచులు పట్టుకో, నడుమ వేలు ఆనియ్యకు. మామూలు బిళ్ల ఎంత కొత్తదైనా అంతా ఒక్కతీరే మెరుస్తది. దీని బొమ్మ మీగడ లెక్క తెల్లగ, చుట్టూ జాగంతా అద్దమే. అండ్ల నా మొఖం చూసుకున్న, పనికి పోతుంటె డిండోలి బస్తీ దాటెదాక నవ్వుకుంటనే పోత.

కరుణ

ఇంకోటి. నేను పోంగ నువ్వు వస్తవ్, మెట్లమీద నా మాస్కే చూస్తవ్. కొత్త ముక్కుపుల్ల పెట్టుకొని వారమైంది. ఆదివారం ఇద్దరం ఇంట్లనే ఉంటం, మంచిగ చూడు. దీనికి నీ భూతద్దం అక్కర్లేదు.